కంఠతా పట్టలేని ఫొటో

మా ఆయన పాసింజరు బండి డ్రైవరు. రైల్వే మెడికల్ పరీక్ష దగ్గరపడిందంటే, బెంగాల్లో మేముండే నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో డ్రైవర్లు ఒకరికొకరు అప్పజెప్పుకుని కంటి చార్టు కంఠతా పట్టేవారు. మా స్నానాల గదిలోంచి ఇంగ్లీషు అక్షరాలు స్తోత్రంలా వినబడేవి. తొంభైల చివర్లో ఒక ఏడాది మాత్రం నాకు నవ్వు రాలేదు. ఆయనకు అప్పటికే షుగరు. గోడగడియారం ముల్లు వంకరపోయిందని నాతో రెండుసార్లు తగువాడారు. ముల్లు తిన్నగానే ఉంది.

"సార్టు నోటికొచ్చులేవే, ఏటి నీ గోల?"

"సిగ్నలు కూడా నోటికొచ్చేటండీ? ఎనకాల బండెడు జనం కూకుంటారు!"

ఊళ్ళోనే ఇందా అనే పేటలో ఒక ప్రైవేటు కళ్ళ డాక్టరు, కంటి లోపలి ఫొటో తీసే కెమెరా, కంప్యూటరుకు తగిలించేది, కొత్తగా తెచ్చాడు. సైకిలు మీద వెళ్ళాం. కళ్ళలో చుక్కలు వేశాక కొన్ని గంటలు దగ్గరి అక్షరం అలుక్కుపోతుందనీ, ఎండ కళ్ళలో గుచ్చుకుంటుందనీ ముందే ఒక్కరు చెప్తే వాళ్ళ సొమ్మేం పోయేది?

కెమెరా ముందు గడ్డం ఆనించగానే ఆయన అలవాటుగా అక్షరాలు మొదలెట్టారు. ఫొటో తీసే బెంగాలీ దీదీ ఫక్కున నవ్వింది. "ఓ దాదా, కిఛు పొడ్తే హోబే నా!" ఏమీ చదవక్కర్లేదట. ఆ పచ్చదీపం చూస్తూ కదలకుండా ఉంటే చాలట. తళుక్కున వెలుగు, అంతే. నొప్పీ లేదు, మంటా లేదు.

తెర మీద నారింజరంగు గుండ్రం, ఎర్రటి నరాలు, వాటి మధ్య నెత్తుటి చుక్కలు. షుగరు చేసిన పనేనన్నాడు డాక్టరు. ఈ ఫొటో దాచి, మళ్ళీ తీసినదాన్ని పక్కన పెడితే ఎంత ముదిరిందో తెలుస్తుందట. అయినా ఫొటో ఒక్కటే చాలదంటూ కంటికెదురుగా భూతద్దం లాంటిది పెట్టి తను కూడా చాలాసేపు చూశాడు.

"ఈ బొమ్మ రైల్వేవోళ్ళకి ఎల్తాదేటండీ?" అనడిగారు ఈయన.

"మీరు చూపిస్తేనే," అన్నాడు డాక్టరు.

తిరుగుదారిలో సైకిలు నేను నడిపించాను. ఆయన తలమీద తువ్వాలు కప్పుకుని, వెనక క్యారేజీ పట్టుకుని నడిచారు.

మర్నాడు పొద్దున్నే యూనిఫాం వేసుకుని, డాక్టరు అచ్చు తీసిచ్చిన ఫొటో జేబులో పెట్టుకున్నారు.

"డ్యూటీకేనా?"

"రైల్వే ఆస్పత్రికి. ముందు ఇది సూపిస్తాను. బండెక్కనిత్తారో లేదో ఆళ్ళిష్టం."

గుమ్మంలో ఆగి గడియారం కేసి చూశారు. "ముల్లు తిన్నగానే ఉందంటావా?"

చెప్పులేసుకుని వెంట నడిచాను.