ఉప్పు వేయక ముందు

మా మేనత్త పోయింది. కర్నూలు కొత్తగా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయి ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్నాయి కదా, నేను పనిచేసే గుడారం బయట నిలబడి మా ఊరి మనిషొకడు ఆ కబురు చెప్పాడు. "మీ అత్త నిన్న పొద్దున పోయిందప్పా. ఆ కుక్క మాత్రం బాగానే ఉండాది," అని పళ్లికిలించాడు. ఆమె పోయాక కూడా మా ఊరికి ఆ నవ్వు పోలేదు.

చిన్నతనంలోనే భర్త పోతే ఆమె అన్నగారింటికి, అంటే మా పెదనాన్న ఇంటికి వచ్చేసింది. ఆ ఇంటి వంటంతా ఆమెదే. పెదనాన్న పెద్ద సేద్యగాడు, ఊళ్లో పంచాయితీలు తీర్చేవాడు. ఆయన తీర్పుల్లో ఒక్కదాంట్లోనైనా బుర్ర కనపడిందని నేనెరగను.

ఆమెకొక నాటు కుక్క ఉండేది. మా సీమ కూడు మీకు తెలిసిందే, మిరపకాయ లేనిదే ముద్ద దిగదు. ఆ కారం ఎంగిలి తినీ తినీ పిల్లప్పుడే దాని కడుపు చెడి చావుదాకా పోయింది. అప్పటినుంచి అత్త రోజూ పప్పు ఉడకగానే, ఉప్పూ కారం వేయక ముందే ఒక గరిటె పక్కకు తీసేది. దాన్ని మెత్తటి జొన్నసంగటిలో పిసికి, వేలితో వేడి చూసి, మట్టిచిప్పలో పెట్టేది. "తినప్పా, నిదానంగా తిను. నీది ఎవరూ గుంజుకోరు," అనేది. మగవాళ్లను పిలిచినట్టు కుక్కను అప్పా అంటోందని ఊరి మగవాళ్లకు రోషం. వాళ్లకున్న రోషమల్లా అదొక్కటే.

ఒకనాడు పెదనాన్న కంటపడింది.

"నాకంటే ముందు కుక్కకు తీస్తాండావా?"

"నీకంటే ముందని కాదన్నా, ఉప్పు వేయక ముందు. నీకు చప్పిడి పప్పు పెడితే తింటావా?"

పసిపిల్లకు చెప్పినా అర్థమయ్యే మాట. ఆయనకు కాలేదు. నలుగురు పెద్దమనుషుల్ని పిలిచి, యజమాని కంటే ముందు కుక్క తింటే ఇంటికి అరిష్టమని చెప్పించాడు. ఆ నలుగురిలో ఒకాయన మేత వేయక సొంత ఎద్దును చంపుకున్నవాడు. కుక్కను వదిలేయాలి, లేదా అత్త ఆ పొయ్యి ముట్టకూడదు. అదీ తీర్పు.

"పొయ్యి నీదే ఉంచుకో అన్నా. మూడు రాళ్లు నాకు యాడైనా దొరుకుతాయి," అంది ఆమె. మా సీమలో రాళ్లకేం కరువు! గొడ్లకొట్టంలో పొయ్యి పెట్టుకుని, చివరిదాకా అక్కడే వండుకుంది. ముందు దానికి తీసి, తర్వాత ఉప్పు వేసి తనకు. నేను వెళ్లినప్పుడల్లా నాకూ అక్కడే పెట్టేది. "నాకేం తక్కువ నాయనా? ఈడ నా వంటకు వంక పెట్టేవాడే లేడు," అని నవ్వేది. పెద్దమ్మ మాడ్చే పప్పు తినలేక పెదనాన్న రమ్మని కబురు పెట్టాడు. "ఇద్దరం వస్తాం," అని జవాబు పంపింది. ఆయన మాడు పప్పే తిన్నాడు.

ఆమె పోయిన కబురు విని నేను వెళ్లేసరికి ఆ మహానుభావుడు వాకిట్లో కూర్చుని, "నా చెల్లెలు దేవతప్పా, దేవత!" అని ఏడుస్తున్నాడు. దేవతను గొడ్లకొట్టంలో ఉంచిన సంగతి ఆయనకు గుర్తు రాలేదు. ఆమె చేతి ముద్ద తలుచుకుంటే ఇప్పటికీ నాలుక మీద ఆ రుచి తగులుతుంది. ఈ మనుషుల్ని తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

దినం నాడు విస్తరి నిండా ఓళిగలు, వడలు, చిత్రాన్నం పెట్టారు. కాకి ముట్టేదాకా ఎవరూ తినకూడదు. కాకి రాలేదు. పెద్దమనుషులంతా కడుపులు పట్టుకుని, నోళ్లు తెరుచుకుని ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డారు. పోయినవాళ్లకు తీరని కోరిక ఉంటే కాకి రాదనీ, తీరుస్తామని పైకి చెబితేనే వస్తుందనీ మా వాళ్ల నమ్మకం. ఆమె కోరికేమిటో అందరికీ తెలుసు. చివరికి పెద్దమ్మే అంది: "ఆ కుక్కకు మేం పెడతామని చెప్పరాదా?"

పెదనాన్న ఏదో గొణిగాడు.

"గట్టిగా చెప్పప్పా, కాకికి వినపడాల్నా వద్దా?" అని కసిరాడు ఎద్దును చంపుకున్న పెద్దమనిషి. పాపం, శానా ఆకలి మీద ఉన్నాడు.

"నీ కుక్కకు... ఈ ఇంట్లోనే పెడతామమ్మా! నువ్వు పెట్టినట్టే పెడతాం!" అని పెదనాన్న అరిచాడు.

కాసేపటికి కాకి వచ్చి వడ ఎత్తుకుపోయింది. చెల్లెలు బతికుండగా ఆమె మాట వినని మనిషి కాకికి లొంగాడు. అందరూ విస్తళ్ల మీద పడ్డారు.

మర్నాడు బస్సుకు బయల్దేరుతూ చెప్పిపోదామని వంటింటి దగ్గర ఆగాను. పప్పు ఉడుకుతోంది. పెద్దమ్మ గుప్పిట నిండా ఉప్పు తీసుకుని, వేయబోయి, చెయ్యి వెనక్కి తీసింది. రెండో చేత్తో ఒక గరిటె పప్పు మట్టిచిప్పలోకి తీసి, సంగటి పిసికి, వేలితో వేడి చూసింది. పెదనాన్న అప్పటికే పీట మీద ఖాళీ కంచం ముందు కూర్చుని ఉన్నాడు. గడప అవతల కుక్క నిదానంగా తింది. దానిది అయ్యేదాకా ఆయన అలాగే కూర్చున్నాడు.