కాలు కింద పెట్టకుండా సముద్రం దాకా

ఆ మధ్యాహ్నం స్త్రీల సమాజంలో లేచి నిలబడి నేనన్న మాటలు నాకే కొత్తగా వినిపించాయి.

"కోతల పండుగ లోపల కోవూరు నుంచి సముద్రం దాకా సైకిలు తొక్కుతాను. దారిలో ఎక్కడా కాలు కింద పెట్టను. ప్రేమవిందుకు చేపలు తెస్తాను. ఇది దేవునికి నా మొక్కుబడి."

మా క్రైస్తవ సంఘంలో పంట ఇళ్ళకు చేరాక ఒక ఆదివారం కోతల పండుగ జరుపుకుంటాం. భూమి ఉన్నవాళ్ళు తొలి కంకుల మోపు తెచ్చి బల్ల ముందు పెడతారు. లేనివాళ్ళు కోడిపెట్టో గుమ్మడికాయో తెస్తారు. ఆరాధన అయ్యాక అందరూ ఒకే వరుసలో కూర్చుని ప్రేమవిందు తింటారు. ఎవరేం తెస్తారో స్త్రీల సమాజంలో ముందుగానే చెప్పుకుంటారు. మా నాయన పల్లెల్లో వాక్యం చెప్పే ఉపదేశి, నేను మిషన్ బడిలో టీచర్ని. మాకు గుంట భూమి లేదు. నావి అని చెప్పుకోవడానికి రెండు కాళ్ళు, మిషన్ దొరసాని ఊరు విడిచి పోతూ నాకిచ్చిన ఆడవాళ్ళ సైకిలు ఉన్నాయి.

కాలు కింద పెట్టననే షరతు సైకిలు వీరుడి పుణ్యం. ఆ ఏడాదే ఒకాయన మా ఊరి మైదానంలో రోజుల తరబడి దిగకుండా గుండ్రంగా సైకిలు తొక్కాడు. దాని మీదే స్నానం, దాని మీదే అన్నం, పక్కన మైకులో పాటలు. నేనూ గుంపులో నిలబడి చేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టాను. మొక్కుకోవడానికి లేచినప్పుడు ఆయనే కళ్ళ ముందు ఆడాడు.

ఇంటికొచ్చి చెప్పగానే అమ్మ చేట కింద పడేసింది. వెంటనే నాయన వైపు తిరిగింది. ఎందుకంటే ధర్మశాస్త్రంలో ఒక విధి ఉంది. పెళ్ళికాని కూతురు తండ్రి ఇంట ఉండి మొక్కుకుంటే, తండ్రి విన్న దినమే కాదంటే ఆ మొక్కు కొట్టివేసినట్టే. విని ఊరుకుంటే అది నిలుస్తుంది. మా ఇంట్లో ఇది అందరికీ కంఠతా వచ్చు.

"ఏమయ్యా, కాదని చెప్పు. బిడ్డ యాడన్నా పడి కాళ్ళిరగ్గొట్టుకుంటుంది," అంది అమ్మ.

నాయన మాట్లాడలేదు. అరుగు మీద కూర్చుని గొడుగుకు అతుకు వేసుకుంటూ ఉండిపోయాడు. అమ్మ రెండుసార్లు అడిగింది, మూడోసారి అరిచింది. ఆయన సూదిలోకి దారం ఎక్కిస్తూనే ఉన్నాడు. పొద్దు పూర్తిగా వాలాక గొడుగు పక్కన పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పుడు చెప్తే చెల్లదే. లేఖనం ప్రకారం పొద్దుగూకితే ఆ దినం అయిపోయినట్టే."

"కావాలనే చేసినావు!"

"నేనేం చేసినా? నోరే తెరవలేదు కదా!"

ఆయన మీసం కింద నవ్వు నాకు కనిపించింది. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు.

ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. మొదటి శనివారం పొద్దున్నే పెన్న దాటి నెల్లూరు ఊరంతా దిగకుండా తొక్కి, సముద్రం రోడ్డు మీది రైలు గేటు దాకా వెళ్ళాను. గేటు పడింది. గూడ్సు బండి నింపాదిగా కదులుతోంది. కాలు కింద పెట్టక తప్పలేదు. అక్కడి నుంచే వెనక్కి తిరిగాను. రెండో శనివారం గేటు దాటాను గానీ ఎదురుగాలి. హాండిలు మీదకు వంగి, ముందు చక్రం తప్ప ఇంకేమీ చూడకుండా తొక్కాను. పిక్క పట్టేసి గడ్డివాము పక్కన పడ్డాను.

అంతకుముందు నేను సైకిలెక్కితే చేలల్లో కొంగల్ని చూడటానికి ఆగేదాన్ని, కాలువలో ముఖం కడుక్కునేదాన్ని, వరి వాసన పీల్చుకుంటూ కీర్తనలు పాడుకునేదాన్ని. మొక్కుకున్నాక పాటలు పోయాయి. వాకిట్లో నిలబెట్టిన సైకిలు బడికొచ్చిన ఇన్‌స్పెక్టరులాగా కనిపించసాగింది. ఉత్సాహంగా ఇచ్చేవాళ్ళంటే దేవునికి ఇష్టమని పిల్లలకు నేర్పించేదాన్ని నేనే. మొక్కు చెల్లించకపోతే దేవుని ముందు మాట తప్పినదాన్నవుతాను. ఏడుపు ముఖంతో చెల్లిస్తే మాత్రం అది ఏం కానుక? పండుగకు ముందు ఇంకొక్క శనివారమే మిగిలింది.

ఆ శనివారం గేటు తెరిచే ఉంది. గాలి కూడా వెనకనుంచే వీచింది. కోసిన మళ్ళ మధ్య రోడ్డు తిన్నగా తూర్పుకు సాగింది. సగం దూరం దాటానని లోపల లెక్కవేసుకుంటున్నప్పుడు ఎదురుగా రోడ్డు కదులుతున్నట్టు అనిపించింది. బాతులు! కోత అయిన మళ్ళలో రాలిన గింజలు మేపడానికి తోలుకొచ్చిన మంద. ఈ పక్క మడిలోంచి ఆ పక్క మడిలోకి రోడ్డు నిండా వరదలాగా దాటుతున్నాయి.

"అమ్మా, దిగమ్మా! బాతులు బెదురుతాయి!" పొడుగాటి కర్ర పట్టుకున్న కాపరి అరిచాడు.

"దిగకూడదన్నా! మొక్కు!"

"ఏ కొండకు?"

"కొండకు కాదు, సముద్రానికి పోవాల!"

"సముద్రానికి మొక్కేంది తల్లా! ఉప్పు తెస్తావా?"

ఆగడానికి లేదు, ముందుకు పోవడానికి లేదు. హాండిలు వంచి రోడ్డు మీదే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాను. సన్నటి రోడ్డు. ఒక అంచున తుమ్మకంప, ఇంకో అంచున బురద. నా చీర కుచ్చిళ్ళు గొలుసుకు తగలకుండా ఒక చేత్తో ఎత్తి పట్టుకున్నాను. గడ్డిమోపులు మోసుకొస్తున్న కూలి ఆడవాళ్ళు మోపులు దించి నిలబడ్డారు.

"ఒసే, చూడండే! సైకిలమ్మ సర్కస్ చేస్తుండాది!"

"తల తిరగడంలా అక్కా?"

"తిరుగుతుండాది! ఇంకా ఎన్ని ఉండాయన్నా?"

"సగం మంద చేలోనే ఉండాది. తిరుగు, తిరుగు!"

ఇంతలో ఒక బాతు నన్నే కాపరి అనుకుందో ఏమో, మందలోంచి విడిపోయి నా వెనక చక్రం వెంట పడింది. దాని వెనక ఇంకో నాలుగైదు. నేను గుండ్రంగా తిరుగుతున్నాను, అవి మెడలు సాచి, అరుచుకుంటూ నా వెంట గుండ్రంగా తిరుగుతున్నాయి. కాపరి తల పట్టుకున్నాడు.

"ఓ తల్లా! నా మందను మళ్ళించుకుపోతుండావే!"

కూలి ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నాకూ నవ్వు ఆగలేదు. కళ్ళలో నీళ్ళొచ్చి రోడ్డు మసకబారింది, సైకిలు ఊగిపోయింది, అయినా పడలేదు. చివరి బాతు దాటాక ఆ ఊపులోనే తూర్పుకు దూసుకుపోయాను. కాలువ వచ్చేసరికి గొంతెత్తి పాడుతున్నాను. ఆ పాట ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. నేను మొక్కులో ఉన్నానన్న సంగతే మరిచిపోయానని అప్పుడు తట్టింది.

కాలువ దాటి, పల్లె దాటాక రోడ్డు ఇసుకలో కలిసిపోయింది. చక్రం కూరుకుంది. సముద్రం హోరు వినబడుతోంది, నీళ్ళు కనబడుతున్నాయి, నేను పక్కకు ఒరిగిపోతున్నాను. ఎదురుగా ఖాళీ గంపలతో పడవల కోసం కాచుకున్న నలుగురు చేపలమ్మే ఆడవాళ్ళు.

"పట్టుకోండక్కా! కాలు కింద పెట్టకూడదు!"

ఎందుకని ఒక్కరూ అడగలేదు. గంపలు విసిరేసి ఇద్దరు హాండిలు, ఇద్దరు వెనక సీటు పట్టుకున్నారు.

"కూతురా, గట్టిగా కూర్చో! ఐలెస్సా!"

"పెండ్లికూతుర్ని ఊరేగించినట్టుందే!"

"పెండ్లికొడుకు యాడ?"

"అదిగో, నురగలు కక్కుతుండాడు!"

అల వచ్చి ముందు చక్రాన్ని తాకింది. నేను రెండు కాళ్ళూ నీళ్ళలో పెట్టాను. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే మాట రాలేదు, నవ్వే వచ్చింది. మోకరించి చేసిన ఎన్నో ప్రార్థనలకన్నా ఆ నవ్వే దేవునికి దగ్గరగా చేరిందని నా నమ్మకం.

ఆ సాయంత్రం అమ్మ నేను తెచ్చిన చేపలతో, ప్రేమవిందు కోసం పెద్ద దాకలో మామిడికాయ వేసి పులుసు కాచింది. ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేచి, బాతుల సంగతీ ఇసుక సంగతీ ఉన్నదున్నట్టు చెప్పాను. మా సంఘపెద్ద చాలా నిక్కచ్చి మనిషి.

"తొక్కుతానని కదా మొక్కుకున్నావు. కడాకు తోయించుకున్నావే. అది చెల్లినట్టా అమ్మాయ్?"

నేను నాయన వైపు చూశాను. నాయన నేల చూస్తున్నాడు. వెనక చాప మీద కూర్చున్న ముసలి విధవరాలు ఒకామె, నాకు ప్రార్థన నేర్పిన అవ్వ, నోట్లో ఆకు ఒక దవడకు తోసుకుని అడిగింది.

"ఆ చేపలోళ్ళు తోసేటప్పుడు నీ మనసులో ఏముండిందే?"

"సంతోషం అవ్వా. మొక్కు ఊసే లేదు."

"అయితే నువ్వు కానుక ఇచ్చేసినావు. ఇసక ఒక్కటే బాకీ. అది దేవునికి అక్కర్లేదులే, ఆయన దగ్గర చానా ఉండాది."

గుడి గుడంతా నవ్వింది. సంఘపెద్ద కూడా నవ్వి, ఆమెన్ అన్నాడు.

ఆ మొక్కు లేకపోతే నేను ఎదురుగాలి దెబ్బకే ఇంట్లో కూర్చునేదాన్ని, అది నిజం. గడప దాటించింది మొక్కే. సముద్రం చూపించింది మాత్రం బాతులు. ఆ తర్వాత ఇంతకన్నా చాలా దూరం, దొరవారిసత్రం దాకా కూడా తొక్కాను. ఎంత దూరం పోవాలో బయల్దేరే ముందు దేవునికి చెప్పేదాన్ని. ఎలా పోవాలో ఆయనకే వదిలేసేదాన్ని.

పండుగ తర్వాతి శనివారం ఎవరికీ చెప్పకుండా మళ్ళీ సముద్రానికి బయల్దేరాను. దారిలో తేగలు కాల్చి అమ్ముతుంటే దిగి తిన్నాను. కొంగల కోసం ఆగాను. ఇసుక మొదలయ్యే చోట చెప్పులు విడిచి చేత పట్టుకున్నాను. సైకిలును పక్కన నడిపించుకుంటూ, పాదాలు చీలమండల దాకా కూరుకుపోతుంటే, అలల వైపు పరుగులాంటి నడకతో వెళ్ళాను.