ఒకే పేరున్న రెండు కార్డులు

నాగుల్ మీరా చేతిరాత చూసి ముచ్చటపడని వాళ్లు బందరులో తక్కువ. చిలకలపూడిలో పుట్టి, ఇంటిల్లిపాదీ చేసే గిల్టు నగల పని చెయ్యనని మొండికేసి, లైబ్రరీలో గుమాస్తాగా చేరాడు. పదహారేళ్లుగా పుస్తకాల పేర్లూ, చదివే వాళ్ల పేర్లూ రాయడమే అతని బతుకు.

డెబ్బై ఏడు నాటి ఉప్పెనకు నాగాయలంక దిగువన ఒక ఊళ్లో శాఖా గ్రంథాలయం నేలమట్టమైంది. సభ్యుల కార్డుల పెట్టె మాత్రం బురదలో దొరికింది. ఆ కార్డులు ఆరబెట్టి, బందరు రిజిస్టరులో కలిపే పని అతనికి అప్పగించారు. ఎలా కలపాలో నియమాలు కూడా అతనే రాసుకున్నాడు. పేరు, ఇంటిపేరు, ఊరు మూడూ ఒకటైతే మనిషి ఒక్కరే. కొత్త కార్డు ఉంచి, పాతది తీసెయ్యాలి. ఆఫీసరు గోవర్ధనరావు గారు చూసి సరేనన్నారు. పని నెలలో ముగిసింది, తీసేసిన కార్డులు చిత్తుకాగితాల్లో పోయాయి.

అతని వీధిలోనే ముగ్గురు నాగుల్ మీరాలున్నారు. ఒకరి ఉత్తరం ఇంకొకరింటికి పోవడం మామూలే. అలాంటివాడికి ఆ నియమం రాసేటప్పుడు ఈ సంగతి తట్టలేదంటే ఏమనాలి? దీపం కిందే చీకటి.

ఉప్పెన తర్వాతి వేసవిలో పెద్దింట్లమ్మ అనే ముసలామె బస్సు దిగి, వెతుక్కుంటూ వచ్చింది.

"మా మనవరాలి కార్డు ఇక్కడికొచ్చిందంట బాబూ. దానికి నా పేరే పెట్టుకున్నాం. ఒక కార్డుకి ఒకటే పుస్తకం ఇస్తారని, చదువు రాని నా చేత కూడా కార్డు తీయించింది. రెండూ తెచ్చి నాకు చదివి వినిపించేది. ఉప్పెనకి పోయింది. ఇల్లూ పోయింది. దాని రాత ముక్క ఒక్కటీ మిగల్లేదు. కార్డు మీద సంతకం పెట్టింది కదా, ఒకసారి చూసి పోతాను."

నాగుల్ మీరా పెట్టెలో వెతికాడు. ఆ పేరు మీద ఒకటే కార్డు ఉంది. దాని మీద ఉన్నది వేలిముద్ర.

"తప్పు నాదేనమ్మా. ఇద్దరూ ఒకరే అనుకుని ఆ కార్డు నేనే తీసేశాను."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండునని అతను సిగ్గుతో కుంగిపోయాడు. కొత్త కార్డు తీసి, మనవరాలి వయసు అడిగి, పంతొమ్మిది అని వేసి, పేరు రాశాడు. సంతకం గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. సిరా ప్యాడు ఆమె ముందుకు జరిపాడు.

"అమ్మాయి తరఫున మీరు వేలిముద్ర వెయ్యండమ్మా."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దు బాబూ. నా వేలు పడితే మళ్లీ ఇద్దరం ఒక్కరిమే అయిపోతాం."