ఆ పాటలో 'త' ఉందా?

రెండు వారాల కింద బుధవారం పొద్దున షాపులో కూర్చుని ఒక పెళ్లి ఫ్లెక్సీ మీద పెళ్లికొడుకు మొహాన్ని కాస్త తెల్లగా చేస్తున్నాను. ఫోన్ మోగింది. "సారు, మా వదినె పోయింది. దవాఖాననే. నిన్న జర మంచిగనే మాట్లాడె," అన్నాడు అవతలి మనిషి. మా అవ్వ మరిది. ఇంటికి ఎప్పుడు తెస్తున్నారని అడిగాను. ఫోన్ పెట్టేసి పెళ్లికొడుకు మొహం పూర్తి చేశాను. పెళ్లివాళ్లు ఎదురుగా కూర్చుని నవ్వుకుంటున్నారు, వాళ్లకేం తెలుసు. మిషన్ తిరగడం మొదలుపెట్టాక ఆ చప్పుడు అడ్డం పెట్టుకుని వెనక గదిలోకి పోయి ఏడ్చాను.

మా అవ్వ అంటున్నానే గానీ ఆమెకూ నాకూ చుట్టరికం లేదు. భువనగిరిలో ఖిల్లా గుట్ట వెనక గల్లీలో నేను కిరాయికుంటున్న ఇల్లు ఆమెది. కింద ఆమె ఒక్కతే, పైన నేనొక్కణ్ణే. తెలంగాణ వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో దిగాను. నేను పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే చెప్పుకోవడానికి పెద్ద కథ కూడా లేదు. ఆమెకు పిల్లలు లేరు, పెనిమిటి పోయి చాలా ఏళ్లయింది. మా ఇద్దరినీ కలిపింది ఒక పాట. కలిపింది అనడం కంటే కొట్లాటకు దింపింది అంటే సరిగ్గా ఉంటుంది.

ఆ పాట పాడిన మా గాయకుడు మీలో చాలామందికి తెలిసే ఉంటాడు. పేరు చెప్పను. చెబితే మీరందరూ అవ్వను వదిలేసి ఆయన వెంట పోతారు. క్యాసెట్ల కాలంలో మా వైపు ఏ చాయ్ హోటల్లో చూసినా ఆయన గొంతే. ఇప్పటికీ బరాత్‌లో ఆయన పాట పడనిదే కుర్రాళ్లు కాలు కదపరు. అలా ఎగిరించే పాటలన్నీ ఒకే ఆల్బంలోవి. ఆ ఆల్బంలో రెండో వైపు, అన్నిటికన్నా చివర, నెమ్మదైన పాట ఒకటి ఉంది. దాన్ని ఏ బరాత్‌లోనూ పెట్టరు. యూట్యూబులోకి కూడా ఎవరూ ఎక్కించలేదు. కాలేజీ రోజుల నుంచి ఆయన అభిమానినని చెప్పుకుని తిరిగే నాకే అది సగం మరుపు.

ఇంట్లో దిగిన మొదటి వారంలోనే కింది నుంచి ఆ పాట వినిపించింది. మెట్లు దిగి చూస్తే అవ్వ గడప పక్కన కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. పక్కన టేపురికార్డరు, దాని కింద మడిచి పెట్టిన గొంగడి ముక్క. మండే ఎండాకాలం, ఫ్యాను మాత్రం ఆపేసి ఉంది. పాట అయిపోయేదాకా నా వంక చూడలేదు.

"ఫ్యాను సప్పుడుకు మనోని గొంతు ఇనవడది బిడ్డా," అంది చివరికి. ఆ గాయకుణ్ణి ఆమె ఎన్నడూ పేరుతో పిలవలేదు. ఎప్పుడూ మనోడే.

పాత అభిమానిని కదా, గొప్పకు పోయి ఆ పల్లవి నేనూ అందుకున్నాను. "ఏడ్తున్నవే పిల్లా, పొద్దు గూకుతాంది" అన్నాను. ఏడుస్తున్నావా పిల్లా, పొద్దు గుంకుతోంది అని. అవ్వ చేతిలోని చింతపండు పక్కన పెట్టేసింది.

"ఏడ్తున్నవే గాదు. ఏడున్నవే."

ఎక్కడున్నావే పిల్లా అని. మావైపు మాటలో ఏడవడానికీ, ఎక్కడున్నావని అడగడానికీ నడుమ ఒక్క త ఒత్తే అడ్డం. ఆ ఒత్తు ఉందో లేదో తేలకుండా సరిగ్గా దాని మీదే డప్పు దెబ్బ పడుతుంది. వెనక్కి తిప్పి విన్నాం, మళ్లీ విన్నాం. నాకు త వినబడింది, ఆమెకు వినబడలేదు. నేను అక్షరాలు అమ్ముకుని బతికేవాణ్ణి, బజార్లో ఎవరి బోర్డు మీద ఒత్తు పోయినా నాకు అన్నం సహించదు. నేనెలా ఒప్పుకుంటాను?

"ఏడ్చేటి మనిషి ఎదురుంగ ఉంటే పాటెందుకు వాడుతడు బిడ్డా? గిలాసల నీళ్లిస్తడు," అంది అవ్వ. "పాట ఎదురుంగ లేనోళ్లకే."

"కనవడని మనిషిని కేకేస్తరు గానీ, గింత నిమ్మళంగ ఎవలు పిలుస్తరవ్వా?"

"కేకేస్తె ఇనేంత దగ్గర లేదేమో."

అయినా ఒప్పుకోకుండా మెట్లెక్కాను.

టేపు అరిగిపోతుందేమోనని ఆ పాటను షాపు కంప్యూటర్లోకి ఎక్కించి, మా అభిమానుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. గ్రూపుకు పెద్ద మా బజారులోని టైలరన్న. ఆయన వెంటనే గొంతు రికార్డు చేసి పంపాడు. "గిదేం పాటనే? క్యాసెట్ల జాగ మిగిలితే నింపిండ్రు. గీ పాటకు ఎవలు ఎగురుతరు?" అవ్వకు వినిపించాను. ఆమె ఫోన్ లాక్కుని, ఎక్కడ నొక్కాలో అడిగి, అందులో చెప్పింది. "పెండ్లిల ఎగురనోళ్లు ఉండరా బిడ్డా? గోడకు కూసున్నోళ్లకు ఒక్క పాట వద్దా?"

ఇక గ్రూపు లేచింది చూడండి. ఎన్నడూ నోరు విప్పనివాళ్లు కూడా ఆ పాట విని ఒక పక్షం పట్టారు. ఒత్తు పక్షం, ఒత్తు లేని పక్షం. నల్లగొండోళ్లకు చెవులు సక్కగ లేవని పాలమూరోళ్లు, పాలమూరోళ్లకు నోరు తిరగదని నల్లగొండోళ్లు. టైలరన్న నా పక్షమే, కానీ వాదనలో అవ్వతో నెగ్గలేక "అవ్వా, నీకు మొక్కుత, మిషన్ మీద బట్ట ఖరాబైతాంది" అని తప్పుకునేవాడు. బతుకమ్మ వచ్చినా, ఎలక్షన్లు వచ్చినా, కరోనా వచ్చి అందరం ఇళ్లలో కూర్చున్నా, గ్రూపులో మాట ఆ ఒత్తు దగ్గరికే వచ్చి ఆగేది. ఆ పాటను ఎవరూ పట్టించుకోలేదన్న మాట మాత్రం అక్కడితో పోయింది.

అవ్వకు ఇంకో అలవాటు ఉండేది. చీకటి పడే వేళకు నా చెప్పుల చప్పుడు వినబడకపోతే ఫోన్ చేసేది. వినబడితే మెట్ల కింద నిలబడి పైకి అడిగేది. రెండింటికీ ఒకటే మాట. "బిడ్డా, ఏడున్నవ్?"

"ఈడనే ఉన్న అవ్వా."

"ఉంటె మంచిదే," అని లోపలికి పోయేది. నేను తాళం తీస్తున్న చప్పుడు ఆమెకు వినబడుతూనే ఉంటుంది, అయినా అడిగేది. ఎందుకు అడుగుతుందో నేనెన్నడూ ఆలోచించలేదు. రోజూ వచ్చే కరెంటు గురించి ఎవరు ఆలోచిస్తారు?

ఒకసారి యాదగిరిగుట్ట కింద ఒక ఫంక్షన్ హాలు తెరవడానికి మా గాయకుడు వస్తున్నాడని తెలిసింది. ఇంకేం, ఒత్తు సంగతి అక్కడే తేలిపోతుందని టైలరన్న ఆటో మాట్లాడాడు. అవ్వ పెట్టెలోంచి ఆకుపచ్చ పట్టుచీర తీసి కట్టుకుంది. జనాన్ని తోసుకుని ఎలాగో ఆయన దగ్గరికి తీసుకుపోయాం. అవ్వ దండం పెట్టి, పల్లవి తనే పాడి, అది ఏడున్నవేనా, ఏడ్తున్నవేనా అని అడిగింది.

ఆయన మొహం మంచిదే, కానీ బాగా అలసిపోయి ఉన్నాడు. కాసేపు కళ్లు మూసుకున్నాడు. "గీ పాట నేను వాడిన్నా అవ్వా?" అన్నాడు.

పక్కనున్నవాళ్లు ఫొటో అంటే నవ్వుతూ నిలబడ్డాడు, అవ్వ నవ్వలేదు. తిరుగు దారిలో ఆయనను తిట్టబోయిన టైలరన్నను ఆమే ఆపింది. "పాడినోడు మర్శిపోతడు బిడ్డా, ఆయనకు శానా పాటలుండె. యాది వెట్టుకునుడు మన పని."

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక చీర కూడా మార్చుకోకుండా గడపలో కూర్చుంది. నన్ను కూర్చోమంది. తన పెనిమిటి గొర్లు కాసేవాడని నాకు తెలుసు. గొర్ల మందను తోలుకుని నెలల తరబడి వలస పోయేవాడట, ఎండలు ముదిరితే మేత కోసం కృష్ణ ఒడ్డు దాకా, ఒక్కో ఏడు ఆలంపురం అవతలి దాకా. ఫోన్లు లేని రోజులు. మంద ఏ ఊరి పొలిమేరలో ఉందో ఎవరైనా చూసినవాళ్లు చెబితేనే తెలిసేది.

"ఒకపారి వచ్చేటప్పుడు గీ టేపు, గీ పాటలు తెచ్చిండు," అంది. "మల్ల మందల వోయిండు. నేనొక్కదాన్నే రోజు వెట్టుకుని ఇంటుండె."

"ఆయన్ని యాది చేసుకుని నువ్వు 'ఏడున్నవ్' అనుకునేదానివి. గంతేనా అవ్వా?"

"పిచ్చోడా! నేను అడుగుడు కాదు. ఏడున్న'వే' అంటుండు గద మనోడు. ఆడిమనిషిని గద అడుగుతుండు. గా గుట్టల్ల, గొర్ల నడుమ నిలవడి ఆయన నన్ను అడుగుతున్నట్టు ఇనేదాన్ని." చీర కొంగు సర్దుకుని, "ఆయన పోయినంక గట్ల అడిగేటోళ్లు ఎవలున్నరు, గీ పాట దప్ప? నువ్వు 'త' అంటవు. గా 'త' ఉంటే నన్ను ఎవలూ అడగనట్టే గద బిడ్డా," అంది.

ఆ రోజు నుంచి నేను వాదన మానేశానని మీరనుకుంటారేమో. మానలేదు. మరుసటి రోజు పొద్దున నేను మెట్లు దిగుతుంటే అవ్వే మొదలుపెట్టింది, "ఇయ్యాలన్న చెవుల గుల్మి తీసినవా?" అని. జాలి పడితే ఆమెకు నచ్చదు. వాదిస్తేనే నేను తన మాట పూర్తిగా విన్నట్టు.

ఈసారి వానలు తగ్గాక అవ్వకు ఆయాసం మొదలైంది. మరిది వచ్చి దవాఖానలో చేర్చాడు. నేను చూడబోయిన చివరిసారి ముక్కుకు గొట్టం ఉంది, మాట సన్నగా వస్తోంది. నన్ను చూసి కళ్లతో నవ్వి, "నీ 'త' దొరికిందా బిడ్డా?" అంది.

"ఇంక దేవులాడుతున్న అవ్వా."

"దేవులాడు, దేవులాడు," అంది. అదే ఆమె నాతో అన్న ఆఖరి మాట.

పోయిన మనిషికి మా దగ్గర గేటు ముందు ఫ్లెక్సీ కడతారు. "మీ షాపుల్నే చేయించు సారు, మంచి మాటొకటి వెయ్యి," అన్నాడు మరిది. యాదగిరిగుట్టలో తీసిన ఫొటోలోంచి గాయకుణ్ణి, మమ్మల్ని అందరినీ చెరిపేసి, ఆకుపచ్చ చీరలో అవ్వను ఒక్కదాన్నే ఉంచాను. పైన అందరికీ వేసే "కన్నీటి శ్రద్ధాంజలి" వేశాను. కింద ఇంకో మాట వేయాలనిపించింది. వేళ్లు ఇన్నేళ్ల మొండితనంతో వాటంతట అవే "ఏడ్తున్నవే" అని కొట్టాయి. చూసుకుని ఒత్తు తీసేశాను. "ఏడున్నవే అవ్వా" అని ఉంచాను.

పెద్దమనిషిని 'వే' అంటారా అని చుట్టాల్లో ఒకరిద్దరు గొణిగారు. మరిది తనే తాడు బిగించి కట్టాడు. టైలరన్న వచ్చి గేటు ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఒత్తు వోయింది అన్నా," అన్నాడు.

"పోలే. నేనే తీసిన."

"అయితె అవ్వ గెలిచినట్టేనా?"

"నాకు తెల్వదు," అన్నాను. నిజంగానే తెలియదు. ఆ తర్వాత ఫ్యాను ఆపి, ఫోన్ చెవికి ఆనించి ఆ పాట మళ్లీ విన్నాను. ఇన్నేళ్లూ స్పష్టంగా వినబడిన త ఇప్పుడు నాకూ వినబడటం లేదు. ఆ సంగతి చెబితే ఎగిరి గంతేసే మనిషి ఒక్కతే ఉండేది.

కర్మ అయిపోయింది. చుట్టాలు వెళ్లిపోయారు. టేపురికార్డరును గొంగడి ముక్కలో చుట్టి మరిది తీసుకుపోయాడు, అది న్యాయమే. కింది తలుపుకు తాళం పడింది. నిన్న సాయంత్రం షాపు నుంచి వచ్చేసరికి గాలికి ఫ్లెక్సీ ఒక మూల తాడు తెగి కొట్టుకుంటోంది. అందులో అవ్వ మొహం మడత పడి, కింది మాట ఒక్కటే కనబడుతోంది. తాడు ముడేసి, గేటు తీసి, మెట్ల దగ్గరికి వచ్చాను. పొద్దు గూకుతోంది. రెండు మెట్లు ఎక్కి అలవాటుగా ఆగాను.

"ఈడనే ఉన్న అవ్వా," అన్నాను, ఎవరూ అడగకుండానే.