తూర్పు గోడ కింద మూడో తీగ

అల్బీనా ప్రెలెస్నిక్ చేతికి ఏ వస్తువు వచ్చినా ముందు దాని లోపల ఏముందో చూడాలి. మా వీధిలో ఆమె విప్పని వస్తువు లేదు. పన్నెండేళ్లప్పుడు చర్చి గడియారం మోటారు విప్పి, పాదిరి చేత తిట్లు తిని, మళ్లీ బిగిస్తే అది ముందుకంటే బాగా నడిచింది. ఇప్పుడామెకు డెబ్బై దగ్గరపడుతున్నాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు.

ఆమె పని అకార్డియన్లు, అంటే తిత్తి సాగదీస్తూ వాయించే పెట్టెలు, బాగుచేయడం. అమెరికాలో మిన్నెసోటా ఉత్తరాన మా ఇనుప గనుల ఊళ్లలో స్లొవేనియా వాళ్ల ఇళ్లన్నిటా ఒక అకార్డియన్ ఉంటుంది, అది ఎప్పుడో ఒకప్పుడు అల్బీనా ముందుగదికి చేరుతుంది. దాని లోపల స్వరం పలికించే రేకుల్ని, రీడ్లను, తేనెమైనం, గుగ్గిలం కలిపి అతికిస్తారు. చలి తగిలితే ఆ మైనం పెళుసెక్కి బీటలు వారుతుంది, రీడ్లు ఊడి రాలిపోతాయి. అందుకే ఆ ఇంట్లో వేడి అరవై ఫారెన్‌హీట్ డిగ్రీల కిందకు దిగకూడదు.

ఆ సంగతి నాకు తెలియకపోలేదు. ఎదురింట్లో డెబ్బై మూడేళ్లుగా ఉంటున్నవాణ్ని, బడి బస్సు తోలి రిటైరైనవాణ్ని, ఎమిల్ అంటే ఈ వీధిలో అందరికీ నమ్మకమే. నాలుగేళ్ల కిందట ఆమె వారం రోజులు ఊరెళ్తూ నాకు తాళం చెవి ఇచ్చింది. రోజూ వెళ్లాను. మూడో రోజు లోపల నా ఊపిరి పొగలా కనబడింది. మా ఊళ్లో గ్యాస్ ఆదా కోసం ఇంట్లో కోటు వేసుకుని తిరగడం గొప్పగా చెప్పుకుంటారు. అల్బీనా కూడా తగ్గించి వెళ్లిందనుకున్నాను. భలే పొదుపరి అని మెచ్చుకుని, మొక్కలకు నీళ్లు పోసి వచ్చేశాను. నిజానికి నేలమాళిగలో ఇంటిని వేడిచేసే ఫర్నేస్ ఆగిపోయింది. పదిహేడు అకార్డియన్ల మైనం పగిలింది. ఆమె ఏడాదిపాటు వాటితోనే కూర్చుంది, నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాతే, వేడి తగ్గగానే ఫర్నేస్‌ను నడిపే స్మార్ట్ థర్మోస్టాట్ కొనుక్కుంది. ఎక్కడున్నా ఫోన్లో ఇంటి వేడి కనబడుతుంది. గోడకున్న పాత థర్మోస్టాట్ ఇత్తడి పట్టీ విప్పకుండా దానిమీదే వెడల్పాటి పలక పెట్టి కొత్తది బిగించింది. విప్పడమే బతుకుగా ఉన్న మనిషి ఆ ఒక్కసారి బద్ధకించింది.

చిక్కు అక్కడే వచ్చింది. మా పాత ఇళ్ల గోడల్లో థర్మోస్టాట్‌కు వచ్చేవి రెండే తీగలు. వేడి కావాలని ఫర్నేస్‌కు చెప్పడానికి అవి చాలు. కొత్త దానికి తెర ఉంది, ఫోన్‌తో మాటలున్నాయి, దానికి ఎప్పుడూ కరెంటు కావాలి, అందుకు మూడో తీగ ఉండాలి. రెండే తీగలుంటే ఫర్నేస్ ఆగి ఉన్నప్పుడు కొంచెం కొంచెం లాక్కుని తన బ్యాటరీ నింపుకుంటుంది. చలి ముదిరితే ఫర్నేస్ ఆగదు, దానికి తిండి దొరకదు. అంటే సరిగ్గా అవసరమైన రోజునే మూగబోతుంది.

ఈ జనవరిలో అదే జరిగింది. సున్నాకు ఇరవై ఆరు డిగ్రీలు కింద ఉన్న గురువారం ఉదయం దాని తెర నల్లబడింది, బ్యాటరీ విడిగా నింపి పెట్టినా కొన్ని గంటలే నడుస్తోంది. రోచెస్టర్ ఆసుపత్రిలో అల్బీనా అక్క జస్టీన్‌కు సోమవారం గుండె ఆపరేషన్. ఇద్దరికీ ఒకరికొకరు తప్ప ఎవరూ లేరు. అల్బీనా ఆదివారం బయల్దేరాలి, రెండు వారాలు అక్కడే ఉండాలి. ఫర్నేస్ పనివాళ్లు పది రోజుల దాకా రామన్నారు.

"నేను చూసుకుంటాగా" అన్నాను.

అల్బీనా నావైపు చూసింది. నేను కాఫీలోకి చూసుకున్నాను.

"ముందుగదిలో ఇరవై రెండు పెట్టెలున్నాయి ఎమిల్. ఒక్కటీ నాది కాదు. దీనికి తిన్నగా కరెంటు అందితే వెళ్తాను, లేకపోతే లేదు" అంది.

"అక్కకంటే పెట్టెలెక్కువా?"

"ఆ మాట అనకు" అంది. నేను టార్చి అందుకున్నాను.

శుక్రవారం పొద్దున పెట్టెలన్నీ వంటగదిలోకి చేర్చి, కరెంటు హీటరు పెట్టి, ఫర్నేస్ స్విచ్చి ఆపింది. థర్మోస్టాట్ తీసి, దాని వెనక పాత ఇత్తడి పట్టీ కూడా విప్పింది. కన్నంలోంచి తీగను మెల్లగా ముందుకు లాగితే, దాని తొడుగు చుట్టూ వెనక్కి చుట్టి ఉన్న నీలం పోగు ఒకటి బయటపడింది. మూడో తీగ.

"ఇది ఇక్కడేం చేస్తోంది?" అంది. చూస్తే ఆమె ముఖానికి పన్నెండేళ్లే.

పట్టీ కింద గోడ సున్నం మీద పెన్సిలుతో మా స్లొవేనియా భాషలో రాసి ఉంది. అల్బీనా కళ్లజోడు పైకెత్తి చదివింది. "కొలిమి తీగ, మూడు పోగులు. తూర్పు గోడ కింద కోస్తున్నాను. ఆగస్టు 1957."

ఆ చేతిరాత వాళ్ల నాన్నది. ఆయన గనిలో కరెంటు పని చేసేవాడు, ఏ మరమ్మతు చేసినా పక్కన పెన్సిలుతో రాసిపెట్టేవాడు. అప్పటి ఫర్నేస్ బొగ్గు కొలిమి, దాని థర్మోస్టాట్‌కు మూడు తీగలు కావాలట. తర్వాతి ఫర్నేస్‌కు రెండే చాలాయి. నేలమాళిగలో ఫర్నేస్ దగ్గర చూస్తే నిజంగానే రెండే ఉన్నాయి. అంటే దారిలో ఎక్కడో ఆయన తీగ కోసి, రెండు పోగులే అతికించాడు. ఆ అతుకు దొరికితే అక్కణ్నుంచి ఫర్నేస్ దాకా కొత్త తీగ వేసుకుంటే సరి. కానీ నేలమాళిగ పైకప్పంతా తర్వాతెప్పుడో చెక్కలు కొట్టేశారు.

"తూర్పు గోడ కింద అన్నాడుగా" అని అల్బీనా మేకులు పీకడం మొదలుపెట్టింది.

ఆ రోజంతా, రాత్రికి ఆ రెండు తీగలూ మళ్లీ కలిపి ఫర్నేస్ నడిపి, శనివారం మధ్యాహ్నం దాకా పీకాం. తూర్పు గోడ వెంట ఒక్క చెక్క మిగల్లేదు. దుమ్ము, ఎలుక గూడు, ఎవరో దాచుకున్న ఖాళీ సీసా దొరికాయి. తీగ లేదు.

"మీ నాన్న తాగి రాశాడేమో" అన్నాను, సీసా చూపిస్తూ.

"మా నాన్న తాగితే పాడేవాడు, రాసేవాడు కాదు" అంది. కానీ మెట్ల మీద కూలబడింది. "ఇక అక్కకు చెప్పేస్తాను, రానని."

ఫోన్ చేసింది. జస్టీన్ గొంతు నీరసంగా ఉన్నా వాగ్ధాటి తగ్గలేదు, నాకూ వినబడుతోంది. "రాకపోతే మానెయ్యి. నా గుండె కోసేది డాక్టర్లు, నువ్వు కాదుగా. నువ్వొస్తే అదీ విప్పి చూస్తానంటావు."

అల్బీనా నవ్వలేదు. "నాన్న తూర్పు గోడ కింద కోశానని రాశాడక్కా. గోడ పొడుగునా విప్పేశాం. ఏమీ లేదు."

"ఎప్పుడు రాశాడే?"

"యాభై ఏడు ఆగస్టు."

"మన ఇల్లు కదిలింది సెప్టెంబరులో కదా" అంది జస్టీన్. "నీకప్పుడు మూడేళ్లు, నీకేం తెలుసు. పాత చోట పొద్దున్నే ఎండ నా మంచం మీద పడి లేపేది. కొత్త చోటికొచ్చాక లేపేవాళ్లే లేరు. ఆ ఏడాదంతా బడికి ఆలస్యమే. మంచం మాత్రం ఉన్న గదిలో ఉన్నచోటే ఉంది. ఎండ సాయంత్రం వచ్చేది."

గని పెరిగి వీధుల్ని మింగుతుంటే మా ఊళ్లో ఇళ్లను చక్రాలమీద పెట్టి లాక్కొచ్చేవాళ్లు. ప్రెలెస్నిక్‌ల ఇల్లు కిటికీ తెరలతో సహా వీధిలో నడిచి రావడం ఆరేళ్లవాణ్ని నేను నోరు తెరుచుకుని చూశాను. కొత్త పునాది మీద దాన్ని అటుదిటు తిప్పి దించారని మాత్రం నాకు తట్టలేదు. ఆయన తీగ కోసి రాసింది ఇల్లు కదలకముందు. ఆయన తూర్పు ఇప్పుడు మన పడమర.

అల్బీనా ఫోన్ నా చేతిలో పడేసి మేకుల పట్టుకారు అందుకుంది. పడమటి గోడ కింద నాలుగో చెక్క ఊడగానే అతుకు కనబడింది. నల్ల పట్టీ చుట్టిన ముడి, పక్కనే కొసకు మడిచిపెట్టిన నీలం పోగు.

మిగిలింది గంట పని. ముడి దగ్గర్నుంచి ఫర్నేస్ దాకా చెక్కల కిందుగా కొత్త తీగ వేసింది. అందం చూడొద్దంది, నేను చూడలేదు. నీలం పోగును రెండు కొసల్లోనూ, ఎప్పుడూ కరెంటు అందించే ‘సి’ గుర్తున్న మరమేకుకు బిగించి స్విచ్చి వేసింది. తెర వెలిగింది. రాత్రంతా ఫర్నేస్ ఆగకుండా తిరిగింది. ఆదివారం పొద్దున బ్యాటరీ నిండుగా ఉంది.

బయల్దేరేముందు నాన్న రాతకింద, సన్నటి అక్షరాలతో తనూ రాసిందట. "మూడో పోగు కలిపాను. ఇప్పుడిది పడమర. జస్టీన్ చెప్పింది." తర్వాత కారు అద్దం దించి తాళం చెవి నా చేతిలో పెట్టింది. నాలుగేళ్ల తర్వాత.

"మొక్కలకు నీళ్లు పొయ్యి. చేతులు మాత్రం జేబులోనే పెట్టుకో" అంది.

"జేబులో పెట్టుకుని నీళ్లెలా పొయ్యనూ?"

"అదీ నిజమే" అని వెళ్లిపోయింది.

సోమవారం ఆరు గంటలసేపు ఆపరేషన్ గది బయట కూర్చుని ఫోన్లో ఇంటినే చూసిందట. అక్క కనబడదు, ఇల్లయినా కనబడుతుందని. మంగళవారం సాయంత్రం నాకు ఫోన్ వచ్చింది. జస్టీన్‌కు గొంతులో గొట్టం తీసేశారు. కళ్లు తెరిచి ఆమె అడిగిన మొదటి మాట, "ఇంట్లో ఎంత?"

"అరవై ఆరు అన్నాను" అంది అల్బీనా. ఏడుస్తోంది, దాచుకోవడం లేదు. "నాలుగైందా అంది. అయింది అన్నాను. అయితే నా మంచం మీద ఎండ పడుతుంటుందిప్పుడు అంది. ఫోన్లో వేడి కనబడుతుంది గానీ ఎండ కనబడదుగా ఎమిల్. ఒకసారి వెళ్లి చూస్తావా?"

చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా మంచులో వీధి దాటాను. లోపల వెచ్చగా ఉంది. ఒక చెయ్యి జేబులోనే ఉంచి, రెండో చేత్తో ఫోన్ పట్టుకుని జస్టీన్ పాత గది తలుపు మోకాలితో తోశాను.

"పడుతోంది" అన్నాను. "దిండు దాకా వచ్చిందని చెప్పు."