పిడుగు రిఫరీ అయింది

లాండ్రీలో ఆమెను అందరూ పిడుగు అనేవాళ్లు. ఇద్దరు మోయాల్సిన తడి దుప్పట్ల మూటను ఒక్కతే భుజానేసుకుని మెట్లెక్కేసేది. బాక్సింగ్‌లోకి వచ్చింది మాత్రం ఇరవైరెండో ఏట, అదీ అన్నయ్య పుణ్యమా అని. అతని ప్రాక్టీసుకు గుద్దులు కాచే ప్యాడ్లు పట్టుకునేది. ఒకరోజు అతను రాకపోతే, ఊరికే నిలబడలేక వేలాడే బస్తాను నాలుగు గుద్దులు గుద్దింది. కోచ్ తింటున్న వేరుశనగలు పక్కనపెట్టి లేచొచ్చాడు.

"మీ అన్నను ఇంట్లోనే ఉండమను. రేపట్నుంచి నువ్వు రా."

అన్నయ్య అలిగాడు. రెండు వారాలు మాట మానేసి, మూడో వారం తనే వచ్చి ప్యాడ్లు పట్టుకున్నాడు. ఆమె వరుసగా మూడేళ్లు జాతీయ ఛాంపియన్ అయింది. పతకాలొస్తాయే గాని కూడు పెట్టే ఆట కాదది. గెలిచిన మర్నాడు కూడా ఏడింటికల్లా ఇస్త్రీ బల్ల ముందుండాల్సిందే. "ఛాంపియన్‌గారూ, కాలరు దగ్గర ముడత అలాగే ఉంది" అని యజమానురాలు వేళాకోళమాడేది.

నాలుగో ఫైనల్లో ఎదుటి పిల్లకు పందొమ్మిదేళ్లు. రెండో రౌండుకే తూలుతోంది. రిఫరీ ఆట ఆపలేదు. పిడుగు ఎడమచేతి దెబ్బ దవడకు తగిలి పిల్ల పడిపోయింది, మళ్లీ లేవలేదు. హాలంతా ఈలలు. పిడుగుకు మాత్రం ఆ పిల్ల తల్లి అరుపొక్కటే వినబడింది.

పిల్ల కళ్లు తెరవడానికి రెండు రోజులు పట్టింది. పిడుగు ఆసుపత్రి వరండా వదల్లేదు. మొదటిరోజు మొహం తిప్పుకున్న తల్లి, రెండోరోజు టీ గ్లాసు చేతికిచ్చింది.

"నీ తప్పేముందమ్మా? ఆపాల్సినవాడు ఆపలేదు."

ఆ తర్వాత రింగులోకి దిగితే చెయ్యి లేచేది గాని ముందుకు సాగేది కాదు. రెండు పోటీలు ఓడాక అన్నయ్య అడిగాడు. "దెబ్బలంటే భయం పట్టుకుందా?"

"తినడానికి కాదన్నయ్యా, కొట్టడానికి."

గ్లవ్స్ వదిలేసి రిఫరీ పరీక్ష రాసింది. రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కింది. ఇప్పుడు ఎవరి కాళ్లు తడబడుతున్నా చటుక్కున అడ్డుపడి ఆట ఆపేస్తుంది. జనం గోలచేస్తారు, పిరికి రిఫరీ అంటారు. మొన్న ఒకమ్మాయి ఏడుస్తూ మీదికొచ్చింది.

"నాకింకా ఓపికుంది మేడమ్! ఎందుకాపారు?"

"ఇది ఎన్నో రౌండో చెప్పు."

"మొదటిది!"

అప్పటికి మూడో రౌండు సగం అయిపోయింది. పిడుగు ఆ అమ్మాయి భుజం చుట్టూ చెయ్యివేసి స్టూలు మీద కూర్చోబెట్టింది.

"ఎంతసేపైనా తిట్టుకో తల్లీ, కూర్చుని తిట్టుకో" అంటూ డాక్టరు కోసం చెయ్యి ఊపింది.