ఊపిరి లెక్క

ఆ అమ్మాయికి అసలు పేరొకటి ఉంది గాని, ఇంట్లోవాళ్ళతో సహా అందరూ రేడియో అనే పిలిచేవారు. ఆ పేరు పెట్టింది నానమ్మ. మాటలు వచ్చిన మర్నాటి నుంచీ మనవరాలి నోరు మూతపడితే ఒట్టు. దీని మీట ఎక్కడుందో ఎవరైనా కనిపెట్టండర్రా అని ఆవిడ ఇంటిల్లిపాదినీ బతిమాలేది. నోట్లో నువ్వుగింజ నానదంటారే, సరిగ్గా ఆ రకం. ఏ పనైనా చేసే ముందు చెప్పి, చేస్తూ చెప్పి, చేశాక ఇంకోసారి చెప్పేది. తలుపు వెయ్యడానిక్కూడా అంతే తతంగం.

అలాంటి పిల్లకి ఫ్రిజ్జులూ వాషింగ్ మెషీన్లూ అమ్మే కంపెనీలో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే ఉద్యోగం దొరికితే ఇంకేముంది, ఆడింది ఆట, పాడింది పాట. అక్కడ ఒక నియమం ఉండేది. లైన్లో నిశ్శబ్దం పనికిరాదు. కంప్యూటరు ఈడ్చుకుంటూ కదిలినా, మనకి జవాబు తెలియకపోయినా, చూస్తున్నానండీ, ఒక్క క్షణమండీ, ఇదిగో వచ్చేస్తోందండీ అంటూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండాలి. నోరు కాస్త ఆగిందా, వెనక నుంచి వింటున్న సూపర్‌వైజరు మార్కులు కోసేవాడు. మనం మాట్లాడకపోతే అవతలివాళ్ళు ఫోన్ పెట్టేస్తారు అనేది ఆయన రోజూ చదివే మంత్రం. కొన్నేళ్ళకి ఆ మంత్రం రేడియో ఒంట్లో ఇంకిపోయింది.

ఒకరోజు ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. ఫ్రిజ్ చల్లబడ్డం లేదు, ఇన్సులిన్ సీసాలు పాడైపోతాయని ఆవిడ గోల. మాటల మధ్యలో, ఉండమ్మా, కళ్ళు తిరుగుతున్నాయి, ఒళ్ళంతా చెమటలు పడుతున్నాయి అంది. రేడియోకి ఏం చెయ్యాలో తోచలేదు. తోచక, నోటికి అలవాటైన మాటే అనేసింది: "మీ కాల్ మాకు చాలా ముఖ్యమండీ." పాపం ఆ పెద్దావిడే తడుముకుంటూ వెళ్ళి ఇంత చక్కెర నోట్లో వేసుకుని, కాసేపటికి తేరుకుని, పర్లేదులే నువ్వు బెంగపెట్టుకోకు అని తిరిగి ఈ అమ్మాయికే ధైర్యం చెప్పింది. రేడియోకి సిగ్గుతో తల తిరిగిపోయింది. ఇంత వాగుడూ వాగి, ఒక మనిషి కళ్ళు తిరుగుతున్నాయంటే గ్లాసుడు పంచదార నీళ్ళు తాగండని చెప్పలేకపోయానే అని కుమిలిపోయింది.

ఆ వారమే భోజనాల దగ్గర ప్రకటించింది, ఉద్యోగం మానేసి నర్సింగ్ డిగ్రీలో చేరుతున్నానని. అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. కుట్లూ అల్లికలూ మధ్యలో వదిలేశావు, టైపు మధ్యలో వదిలేశావు, కారు నేర్చుకుంటానని వెనక్కి నడపడం వచ్చేలోగా మానేశావు, ఇప్పుడిదొకటా అంది. అదీ నిజమే. రేడియో మొదలుపెట్టని పని లేదు, పూర్తిచేసిన పనీ లేదు. నాన్న మాత్రం చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, "ఈసారి మధ్యలో వదలకు," అన్నాడు. ఆయనకది ఉపన్యాసం కింద లెక్క. తాము ఉండే బిల్డింగు మెట్ల కింద చిన్న గదిలో తాళంచెవులు చేసే మనిషి ఆయన. రోజంతా తాళంచెవుల్ని అరగదీసే ఆకురాయే ఆయన తరఫున మాట్లాడేది.

కాలేజీలో రేడియో దూసుకుపోయింది. తనకంటే చిన్నవాళ్ళయిన తోటి పిల్లలు అక్కా అక్కా అంటూ చుట్టూ తిరిగేవారు. నర్సింగ్‌లో మొదటి పాఠమే ఆమెకి కొట్టిన పిండి: పేషెంటుకి ఏం చేస్తున్నా ముందు చెప్పి చెయ్యాలి. బీపీ చూస్తానండీ, చెయ్యి కాస్త బిగుసుకున్నట్టుంటుంది, గాలి వదిలేస్తే మామూలైపోతుంది అని ఆమె తీయగా చెబుతుంటే సూదంటే హడలిపోయే పెద్దమనుషులు కూడా చెయ్యి చాపేవారు. వార్డులో ఆమె అడుగుపెట్టిందంటే చివరి మంచం దాకా తెలిసిపోయేది. చెప్పొద్దూ, ఇంటికి వచ్చి ఆ గొప్పలన్నీ మళ్ళీ మొదటినుంచీ చెప్పేది.

అంతా బాగానే ఉంది, ఊపిరి దగ్గర వచ్చింది చిక్కు.

జ్వరం చూడాలంటే చెప్పి చూడాలి. నాడి చూడాలంటే చెప్పి చూడాలి. ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు ఆడుతోందో చూడాలంటే మాత్రం చెప్పకూడదు. చెబితే ఆ మనిషికి తన ఊపిరి మీదికి ధ్యాస పోతుంది. ఒకరు గబగబా పీలుస్తారు, ఇంకొకరు బిగబడతారు, లెక్క కాస్తా తలకిందులవుతుంది. అందుకే నర్సులు నాడి లెక్క అయిపోయాక కూడా మణికట్టు వదలరు. ఇంకా నాడే చూస్తున్నట్టు చెయ్యి పట్టుకునే ఉండి, చూపు నెమ్మదిగా ఛాతీ మీదికి జరిపి, అది లేచి పడడం లెక్కపెడతారు. నిండా ఒక్క నిమిషం, నోరు మెదపకుండా.

రేడియోకి ఇది మింగుడుపడలేదు. ఇది మోసం కాదా మేడమ్ అని క్లాసులోనే లేచి అడిగింది. ట్యూటరు మేడమ్ సన్నగా, నిటారుగా ఉండే మనిషి. కోపమొస్తే గొంతు ఇంకా తగ్గేది. "పడుకున్న పసిపిల్ల హాయిగా ఉందో లేదో చూడాలంటే లేపి అడుగుతావా అమ్మా?" అంది. క్లాసంతా గొల్లుమంది. రేడియో కూడా నవ్వి కూర్చుంది గాని, చిక్కు మోసం సంగతి కాదని తనకి తెలుసు. అసలు చిక్కు ఆ నిమిషమే.

నాడి లెక్క అవ్వగానే గొంతులో ఏదో పురుగు తొలిచేది. ఎదుటి మనిషి తనని చూస్తున్నాడు, తను ఏమీ మాట్లాడ్డం లేదు, ఇప్పుడు వెళ్ళిపోతాడు, ఇప్పుడు పెట్టేస్తాడు. మంచం మీద సెలైను ఎక్కుతున్న మనిషి ఎక్కడికి పోతాడో దేవుడికే తెలియాలి. అయినా నోరు ఆగేది కాదు. మొదటి వార్డు పరీక్షలో, "ఇప్పుడు మీ ఊపిరి లెక్కపెడతానండీ, మీరేం పట్టించుకోకండి," అనేసింది. పేషెంటు ఠక్కున ఊపిరి బిగబట్టి, ఫొటో తీయించుకుంటున్నట్టు ఛాతీ పొంగించాడు. రెండోసారి పళ్ళు బిగించుకుని సగం నిమిషం దాకా ఈదుకొచ్చింది. అక్కడ తట్టుకోలేక ఎండ బాగా ఉందండీ ఇవాళ అంది. ఆ పేషెంటుకీ మాటలంటే ప్రాణం, ఎండ గురించి మొదలెట్టి మోకాళ్ళ నొప్పుల దాకా వచ్చింది. లెక్క గంగలో కలిసింది.

ట్యూటరు మేడమ్ గదిలోకి పిలిచి కూర్చోబెట్టింది. బయటి నుంచి పరీక్షాధికారి వచ్చే పెద్ద ప్రాక్టికల్ వచ్చే వారమేననీ, అందులోనూ తప్పితే ఈ ఏడాది మొత్తం మళ్ళీ చదవాల్సిందేననీ చెప్పింది. మిగతావన్నీ ఇంత బాగా చేసే పిల్లవి, ఇదేమిటమ్మా అని ఆవిడే బాధపడింది. రేడియో తల ఊపి బయటికొచ్చింది. ఏడాది వెనకబడితే తను మళ్ళీ ఆ గుమ్మం తొక్కదని ఆమెకి బాగా తెలుసు. కుట్లకి అయినట్టే దీనికీ అవుతుంది, మళ్ళీ ఆ హెడ్‌సెట్టే తగిలించుకోవాలి.

ఇంట్లో అభ్యాసం మొదలెట్టింది. ఇంట్లోవాళ్ళకేమో సంగతంతా ముందే చెప్పి ఉంది, ఇక దాపరికం ఎక్కడిది? మనవరాలు మణికట్టు పట్టుకోగానే నానమ్మ పరీక్ష తనకే అన్నట్టు కళ్ళు మూసుకుని బుసలు కొట్టడం మొదలుపెట్టేది. సరిపోయిందా, ఇంకాస్త పీల్చనా అని అడిగేది పైగా. అమ్మకైతే చెయ్యి పట్టుకోగానే నవ్వు. ఆ వారం ఆ ఇంట్లో ఒక్కరూ సరిగ్గా ఊపిరి పీల్చుకున్న పాపాన పోలేదు.

పరీక్ష రెండు రోజుల్లో ఉందనగా రేడియో మెట్లు దిగి నాన్న కొట్లోకి వెళ్ళి స్టూలు మీద కూలబడింది. ఆ చిన్న గదిలో గోడల నిండా కొక్కేలకి వేలాడే తాళంచెవులు, ఇత్తడి పొడి, నూనె వాసన. నాన్న పట్టకారులో తాళంచెవి బిగించి ఆకురాయితో రాస్తున్నాడు. నావల్ల కావట్లేదు నాన్నా అని మొదలుపెట్టి, సూపర్‌వైజరు దగ్గర్నుంచి ఎండ దాకా మొత్తం ఏకరువు పెట్టింది. చివరి మాట సగంలోనే వదిలేసింది. ఈ పిల్ల మాట సగంలో ఆగడం ఆ కొట్టు ఎన్నడూ ఎరగదు.

నాన్న చెయ్యి ఆపకుండానే అడిగాడు. "మాట్లాడకపోతే ఏమవుతుందని నీ భయం?"

ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. రేడియో ఒళ్ళో పడ్డ ఇత్తడి పొడి దులుపుకుంది. "వెళ్ళిపోతారు నాన్నా. ఎవరైనా సరే, వెళ్ళిపోతారు."

నాన్న తాళంచెవిని నోటి దగ్గర పెట్టుకుని పొడి ఊదాడు. "మీ అమ్మతో నేను రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. తనెక్కడికైనా వెళ్ళిందా?"

"లేదు."

"నీతో అంతకన్నా తక్కువే మాట్లాడాను. నువ్వెళ్ళావా?"

నాన్న జవాబు కోసం చూడలేదు. పాత చెవినీ కొత్త చెవినీ పక్కపక్కన పెట్టి, వెలుతురుకి ఎత్తిపట్టి, కదలకుండా పళ్ళు సరిచూస్తున్నాడు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే పెన్సిలు ముక్క నెమ్మదిగా పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది. రేడియో దాన్నే చూస్తూ కూర్చుంది. మళ్ళీ లేచింది, మళ్ళీ దిగింది. కాసేపటికి ఆమెకి తట్టింది, తను ఇందాకటి నుంచీ లెక్కపెడుతూనే ఉందని. ఆ సంగతి చెప్పడానికి నోరు తెరిచి, నాన్న ముఖం చూసి, మళ్ళీ మూసుకుంది.

పరీక్ష రోజున ఆమె వంతుకి వచ్చిన పేషెంటు ఒక దర్జీ. కడుపు ఆపరేషను అయి కోలుకుంటున్నాడు. బొటనవేలికి ఎన్నేళ్ళ నుంచో కత్తెర రాసుకుని కాయ కాసింది. పరీక్షాధికారిణి మంచం కాళ్ళ దగ్గర గడియారం పట్టుకుని నిలబడింది, తనూ అదే నిమిషం లెక్కపెట్టడానికి. ట్యూటరు మేడమ్ గుమ్మం దగ్గర నిలబడి, ఈ అమ్మాయి నోటి వంకే చూస్తోంది.

నాడి చూస్తానండీ, చెయ్యి ఇలా గుండెల మీద పెట్టుకుని హాయిగా ఉండండి అని చెప్పింది రేడియో. చూసింది. లెక్క అయిపోయింది. చెయ్యి వదల్లేదు. పురుగు లేచింది. దర్జీ ఆమె ముఖంలోకి చూశాడు. ఎండ గురించి నాలుక చివరిదాకా వచ్చింది. పెన్సిలు ముక్క, పెన్సిలు ముక్క అనుకుంటూ ఆమె దుప్పటి అంచు మీద చూపు నిలిపింది. దుప్పటి లేచింది, దిగింది. దర్జీ కిటికీ వైపు చూశాడు, ఆ తర్వాత కళ్ళు మూసుకున్నాడు. ఆ మనిషి ఎక్కడికీ పోలేదు. అంతవరకూ బిగదీసుకుని ఉన్న ఆ చెయ్యి ఆమె చేతిలో మెత్తబడి, బరువంతా దించుకుంది. రేడియో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లెక్క మాత్రం తప్పలేదు.

"ఎంత?" అంది పరీక్షాధికారిణి. రేడియో చెప్పింది. ఆవిడ తన కాగితం చూసుకుని, అంతే అన్నట్టు తలూపి పక్క మంచం వైపు నడిచింది. దర్జీ కళ్ళు తెరిచాడు. "చేరిన కాడి నుంచీ వచ్చినవాళ్ళంతా గుచ్చి పోయేవాళ్ళేనమ్మా. ఇంతసేపు చెయ్యి పట్టుకుంది నువ్వే," అన్నాడు. ట్యూటరు మేడమ్ గుమ్మం దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

సాయంత్రం రేడియో ఇంటికి వచ్చేసరికి అమ్మ కొట్లోనే ఉంది, నాన్నకి టీ తెచ్చి. బిడ్డ మాట్లాడకుండా లోపలికి రావడం చూసి ఆవిడ గుండెలో రాయి పడింది. పిల్ల వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది, అప్పటికీ మాట లేదు. ఇంకేముంది, అయిపోయింది అనుకుంది ఆ తల్లి. పోనీలే, ఏడాది ఎంతలో తిరిగొస్తుంది, నానమ్మ ఏమైనా అంటే నేను చూసుకుంటాగా అని తల నిమరడం మొదలుపెట్టింది.

"పాసయింది," అన్నాడు నాన్న తల ఎత్తకుండానే.

"మీకెవరు చెప్పారు?"

"అదే చెబుతోందిగా, వచ్చినప్పటి నుంచీ."

అమ్మ కూతురి ముఖంలోకి చూసింది. రేడియో ఔనన్నట్టు తలూపింది. అమ్మ ఏడ్చేసి, వెంటనే నవ్వేసి, నానమ్మకి చెప్పడానికి మెట్లెక్కి పరిగెత్తింది.

రేడియో చెయ్యి చాచి, ఆకురాయి పట్టుకున్న నాన్న మణికట్టు పట్టుకుంది. వేళ్ళ నిండా ఇత్తడి పొడి. ఆయన పట్టకారు వదులు చేసి, ఆకురాయి కింద పెట్టి, ఆ చెయ్యి ఆమెకి వదిలేశాడు. నాడి లెక్క అయిపోయింది. ఊపిరి లెక్కా ఎప్పుడో అయిపోయింది. ఆమె వదల్లేదు. ఆయనా తీసుకోలేదు.

బయట ఎవరో వచ్చి, ఇంటి తాళంచెవి పోయిందనీ, కాస్త తొందరగా చేసిపెట్టాలనీ అన్నారు. పని పక్కన పెట్టడమన్నది ఎరగని మనిషి ఆ మాట విని కూడా కదల్లేదు.

"కాస్త ఆగండి," అన్నాడు నాన్న. "మా నర్సమ్మ లెక్కపెడుతోంది."